తలుపు దగ్గర నీ స్టూలు

ఖాజన్నా,

మా కాంపౌండరువైన నువ్వు పోయి ఏడాదైంది. నువ్వు లేకుండా ఎమ్మిగనూరు క్లినిక్కు నడపను డాక్టరునైన నాకు చేతకాలేదు. ఎట్లా నడపాలో చెప్పే కన్సల్టెంటును పెట్టుకుందామంటే ఇద్దరు వచ్చినారు. మొదటాయన కంప్యూటరు చూసి, టోకెన్లు ఫోన్లోనే ఇమ్మన్నాడు. రెండో ఆమె ఆదోని నుంచి మొన్న అమావాస్య నాడు వచ్చింది. మగ్గాలకు సెలవు కదా, నేతోళ్లంతా ఆ రోజే వస్తారు. పొద్దుగూకేదాకా నీ స్టూలు మీదనే కూర్చునింది.

"ఒక ముసలాయన ఆయాసపడతా రెండు గంటలు ఆడనే కూర్చున్నాడు సార్. ముందు ఎవరిని పంపాలో ఈడ ఎవరు చూస్తారు?" అని అడిగింది.

"ఖాజన్న చూస్తాండె. టోకెను కాదు, ముఖం చూసి పంపుతాండె" అన్నాను.

ఆమెనే ఖాయం చేసినాను.

ఒకటి మాత్రం ఆమెకు చెప్పలేదన్నా. పోయినేడు అమావాస్యకు పొద్దున్నుంచి ఎదలో నొప్పి పెట్టుకుని, అందరినీ పంపినాక చివర్న నువ్వొచ్చి నా బల్ల పట్టుకుని కూలిపోయినావు. అంతకుముందు పదిసార్లు లోపలికొచ్చి నా చేతికి రోగుల చీటీలు ఇచ్చినావు. నేను చీటీలే చూసినాను, నీ ముఖం చూడలేదు.