టెన్బీలో మేడమ్ మంచితనం

శుక్రవారం రాత్రి, అబుదాబి

నిన్ననే బ్రిటన్‌లోని వేల్స్ నుంచి తిరిగొచ్చాం. టెన్బీలో సముద్రం ఒడ్డున అద్దెకు తీసుకున్న ఇంట్లో, మేడమ్ పనిమనిషినైన నాకు కిటికీ ఉన్న గది ఇచ్చింది. రోజూ తన పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టింది. ఇంత ప్రేమ ఎందుకా అని అప్పుడే అనుమానం వచ్చింది.

ఒకరోజు పక్కింటి ముసలావిడ, "నీ పాస్‌పోర్ట్ నీ దగ్గరే ఉంటుందా?" అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే మేడమ్, "తన దగ్గరే" అంది. అది అబద్ధం. నా పాస్‌పోర్ట్ ఎప్పుడూ మేడమ్ బీరువాలోనే ఉంటుంది.

ఇవాళ మళ్లీ వంటగదిలో ఒక్కదాన్నే తిన్నాను. డ్రైవర్ మల్లేశ్‌కి ఇదంతా చెప్పాను.

"గాడ మంది జూస్తరని మంచిగున్నదక్కా. ఇగ ఖలాస్. నీ పాస్‌పోర్ట్ నువ్వే అడుగు" అన్నాడు.

వెళ్లి అడిగాను.

"నా మీద నమ్మకం లేదా?" అంది మేడమ్.

"లేదు మేడమ్" అన్నాను.

ఆమె గదిలోకి వెళ్లింది. బీరువా తాళం చప్పుడైంది. తీసిందో, వేసిందో...