ఆ రావి ఆకుల బొమ్మలు నావే

రామచంద్రాపురం క్వార్టర్స్,
సెప్టెంబరు 1974

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ మేమంతా ఒంట్లో కులాసాగానే ఉన్నాం, మనసు సంగతి తర్వాత రాస్తాను. నాన్నగారి మోకాళ్లకి నూనె మార్చావన్నావు గానీ నొప్పి తగ్గిందో లేదో రాయలేదు. బాబు దగ్గు పోయింది. ఆవకాయ జాడీ పగలకుండా చేరింది, మూత దగ్గర కాస్త నూనె కారిందంతే. ఆయనకి ఈ నెలంతా రెండో షిఫ్టు. వానలు తెరిపివ్వడం లేదు. బట్టలు ఇంట్లోనే ఆరేస్తున్నాం, ఆకులు కూడా.

అవును, ఆకులే. "రంగులూ ఆకులూ నలుగురి కంటా పడకుండా వెనక గదిలోకి మార్చావా?" అని కిందటి ఉత్తరంలో అడిగావు. మార్చలేదమ్మా. ఎందుకు మార్చలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

రావి ఆకుల్ని కుండలో నానేసి, పచ్చదనమంతా కుళ్లి వదిలాక మెత్తటి బ్రష్షుతో కడిగితే సన్నటి ఈనెల వల మిగులుతుంది. పెళ్లికి ముందు మన పెరట్లో ఆ కుండ కంపుకి నువ్వు ముక్కు మూసుకుని నన్ను తిట్టేదానివి. ఆరిన ఆకు మీద నేను చిలకనో నెమలినో వేస్తుంటే మాత్రం పని ఆపి పక్కన కూర్చునేదానివి. రంగు ఒక్క చుక్క పల్చనైతే ఆకు అవతలికి దిగిపోతుంది, చెయ్యి కాస్త బరువైతే చిరుగుతుంది. నా చెయ్యి ఎట్లాంటిదో నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

చెల్లి పెళ్లిచూపులనాడు నేను పురిటికొచ్చి మనింట్లోనే ఉన్నాను. నా బొమ్మల్ని అట్టలకి అంటించి ముందు గదిలో వరసగా పెట్టావు. "ఇవన్నీ మా కమల వేసినవేనండీ" అని నువ్వు చెప్తుంటే పక్కగదిలో బాబుకి పాలిస్తూ విన్నాను. వాళ్లు వెళ్లాక అడిగితే "పెళ్లికోసం ఒక్క మాట, తల్లీ. నీకు పోయేదేముంది?" అన్నావు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

నీ చిన్నల్లుడు సూర్యారావుగారికి మా ఫ్యాక్టరీలోనే ఉద్యోగమై, కమల మా వెనక వీధి క్వార్టర్లోకి వచ్చినప్పుడు ఎంత సంతోషించానో నీకు రాశాను. ఎవరైనా వస్తున్నారంటే "అక్కా, రెండాకులు ఇవ్వవే" అని పరిగెత్తుకొచ్చేది. ఇచ్చేదాన్ని. నాకు తోడబుట్టినది అదొక్కతే కదా. తర్వాత "నువ్వు అందరి ముందూ వెయ్యకు అక్కా, బయటపడితే మావాళ్లు ఏమనుకుంటారు?" అంది. చిన్నతనం అనుకున్నాను. వెనకే నీ ఉత్తరం వచ్చింది. వేస్తే తలుపు వేసుకుని, దాని పేరునే వెయ్యమన్నావు. దాని కాపురం నా చేతిలో ఉందన్నావు. ఆ మాటకి భయపడ్డాను. ఆకులు తెచ్చిపెట్టే అరుణమ్మ చూస్తుండగా తప్ప ఇంకెవరి ఎదుటా బ్రష్షు పట్టలేదు.

అరుణమ్మది పటేల్‌గూడ. మా వీధుల్లో పెరుగు పోస్తుంది. పోయిన నెల ఆడవాళ్ల క్లబ్బులో అందరూ కూడి, ఒక్క ఆకు ఎదురుగా వేసి చూపించమని కమలని పట్టుబట్టారు. మణికట్టు బెణికిందంది కమల. పెరుగు కుండతో గుమ్మంలో నిలబడ్డ అరుణమ్మకి ఈ గొడవలేవీ తెలియవు.

"చెల్లెకు చెయ్యి నొస్తే అక్క ఉన్నది గద," అంది. "ఆకులు తెచ్చేది నేనే. అక్క ఏస్తుంటే నా కండ్లతోని సూసిన."

అందరూ నా వైపు తిరిగారు. కమల నవ్వింది.

"మా అక్కకి బొమ్మలు రావండీ. నా ఆకులు కడిగిపెడుతుంది, అంతే."

నా వైపు చూడకుండానే అంది అమ్మా. నేను గొడుగు తీసుకుని బయటికి వచ్చేశాను. అరుణమ్మ నా వెనకే వచ్చింది.

"గట్లెందుకన్నదమ్మా? నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

"లేదు అరుణమ్మా. నువ్వన్నది నిజమే."

"నిజమైతె నువ్వెందుకు లేసొచ్చినవ్?"

గొడుగు విప్పి గబగబా నడిచాను. ఇంటికొచ్చి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. అన్నం మాడిన వాసన వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ ఆదివారంనాడు సూర్యారావుగారు ఒక్కరే వచ్చారు. ఆ మాట ఆయన చెవిన పడిందట. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు.

"వదినగారూ, ఆ ఆకులు ఎవరు వేశారు?"

అబద్ధం చెప్పడానికే నోరు తెరిచాను. నీ మీద ఒట్టు. కానీ "నేనే" అన్నాను.

ఆయన కాఫీ గ్లాసు పక్కకి జరిపారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "పెళ్లిచూపుల్లో నేను ఆ బొమ్మల వంక చూడనే లేదండీ. మా మేనమామ గట్టిగా తుమ్మితే అందరూ అపశకునమని బిగుసుకుపోయారు. కమల ఒక్కతే నవ్వు ఆపుకోలేకపోయింది. అందుకే ఒప్పుకున్నాను. ఇన్నేళ్లూ ఈ అబద్ధం ఎవరికోసం?"

విన్నావా అమ్మా? దాని కాపురం ఏనాడూ నా ఆకుల మీద ఆధారపడలేదు. ఎవరూ అడగనిదాన్ని నా దగ్గర తీసుకుని దానికిచ్చావు. ఇచ్చాక అది నాదని నన్ను కూడా మరిచిపొమ్మన్నావు.

ఇక నీకు చెప్పాలా వద్దా అని ఇంతవరకూ దాచిన మాట. మర్నాడు కమల వానలో వచ్చింది. నా బొమ్మలన్నీ తువ్వాలులో చుట్టి తెచ్చింది. "ఆయన ఇచ్చిరమ్మన్నారు. నువ్వు చెప్పకుండా ఉండాల్సింది అక్కా" అంది. మూట అందుకున్నాను. దాని చీర కుచ్చెళ్లు తడిసి నీళ్లు కారుతున్నాయి. నేను పిలుస్తానని కాసేపు గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మని అనలేదమ్మా. నోట మాట రాక కాదు, అనదలుచుకోక అనలేదు. అది వెళ్లిపోయింది. ఎదురింటి అన్నపూర్ణగారు అంతా చూశారు.

ఇప్పుడు వరండాలోనే కూర్చుని వేస్తున్నాను. అడిగినవాళ్లకి నావేనని చెప్తున్నాను. ఆ మాట పైకి అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉంటోంది.

కమలది చిన్న వయసు. నువ్వు చెప్పిందే దానికి నిజమైపోయింది. కానీ నువ్వు నా పక్కన కూర్చుని చూసినదానివి. కమల ఉత్తరం చూసి, దసరాకి వచ్చి మా ఇద్దరినీ కలుపుతానని రాశావు. ఇప్పుడే రావద్దు. దాన్ని వాకిట్లో నిలబెట్టినందుకే నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వొస్తే ఏం చేస్తానో నాకు తెలియదు. రమ్మని పిలవాలనిపించిన రోజున నేనే రాస్తాను.

నాన్నగారికి నా నమస్కారాలు. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించు. ఏ ముక్కా వదిలెయ్యకు.

ఇట్లు,
నీ పెద్ద కూతురు,
కనకమహాలక్ష్మి