మా ఇంట్లో రొట్టె చప్పుడు

అక్టోబర్ 5, ఆదివారం

ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. బొరుగులు తడిపి పిండడం, తాలింపు పెట్టడం నా పని. బజ్జీలు మా ఆయన శీనువి. నూనె చిందితే అంత ఎత్తున ఎగురుతాడు, మళ్లీ ఏమీ జరగనట్టు పొయ్యి ముందు నిలబడతాడు. ఆరు వేస్తే నాలుగే పళ్లెంలోకి వస్తాయి. మిగతా రెండూ ఏవప్పా అంటే, ఉప్పు చూసినా అంటాడు. ఉప్పు చూడ్డానికి రెండు బజ్జీలు కావాలా?

వారమంతా శీనుకు పాలిష్ మిల్లులో నీళ్లూ, బండలూ, బురదా. ఆదివారం ఒక్కరోజే మనిషి పొడిగా ఉంటాడు. తిని, గడపలో కాళ్లు చాపి కూర్చున్నాం. ఎవరూ రాలేదు. ఎవరూ రాకపోవడం కూడా బాగానే ఉంది.

అక్టోబర్ 8, బుధవారం

పక్కింటి కాసింబీ అక్క గోడ మీది నుంచి — "మీ ఇంట్లో రొట్టె కొట్టే చప్పుడు వింటాంటే కడుపు నిండిపోతాది బేటీ. శానా మంచి చెయ్యి నీది."

నవ్వి ఊరుకున్నాను. ఆ చెయ్యి నాది కాదు, శీనుది.

ఈ పేజీకి చెబితే నష్టం లేదు. జమ్మలమడుగు దగ్గర మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని, బుద్ధెరిగినప్పటి నుంచి తిన్నది రాగి సంగటి. శీను వాళ్లది పత్తికొండ వైపు సేద్యం చేసే ఇల్లు. జొన్న రొట్టె విరవందే ఆ ఇంట్లో పొద్దు పోదు. ఆడపిల్లలు లేరని అత్త ఇతన్నే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిందట. మా ఇంటికి బండలు పరచడానికి వచ్చి, నాలుగు రోజుల పనిని పదిరోజులు చేసిన మనిషి. ఇప్పుడు ఇక్కడ, బేతంచెర్లలో, తలుపు మూసుకుని రొట్టెలు తడుతున్నాడు. "మగోడు రొట్టె కొడతాండాడని తెలిస్తే మిల్లులో నన్ను బతకనిస్తారా?" అంటాడు.

అందుకే మా ఒప్పందం — సంగటి నాది, రొట్టె ఆయనది, పేరు మాత్రం నాది.

అక్టోబర్ 12, ఆదివారం

పచ్చి చెనిక్కాయలు ఉడకేసుకున్నాం, రాళ్ల ఉప్పు వేసి. ఒలుస్తూ అత్తతో ఫోన్. మామ చేనికి పోయాక చేస్తుంది, వారానికి ఒకసారి. మామ అయితే కొడుకుతో మాటే మానేశాడు — మగ్గాలింటి పిల్లను, నన్ను, చేసుకున్న రోజు నుంచి.

స్పీకర్ పెట్టాడు. "ఆ పిల్ల ఏం చేస్తాంది?" అంది అత్త. నేను ఎప్పటికీ ఆ పిల్లనే.

ఈ మొద్దు ఏమన్నాడంటే — "రొట్టె కొడతాందిమా. అచ్చం నీ మాదిరే."

తొడ మీద గిల్లాను. అప్పటికే చెప్పేశాడు. అవతల అత్త, "సంగటింటి పిల్ల గదరా?" అంది. "నేర్చుకునిందిమా" అన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు ఎంత ముద్దుగా చెబుతాడో!

అక్టోబర్ 20, దీపావళి

పన్నెండు దీపాలు. గాలికి ఎనిమిది ఆరాయి. నాలుగే చాలు అన్నాడు.

అక్టోబర్ 22, బుధవారం

అత్త వస్తుందట!

కార్తీకం కదా, వచ్చే నెల పదిన ఊరి ఆడవాళ్లందరితో కలిసి మహానందికి. ముందురోజు, నవంబర్ తొమ్మిదిన, తానొక్కతే ముందుగా బయల్దేరి ఇక్కడ దిగుతుందట. "మధ్యాన్నం బండికొస్తా. ఆ పిల్ల చేతి రొట్టె తిని పోతా" అందట. మామకు చెప్పలేదు.

మా పెళ్లై ఏడాదీ ఏడు నెలలు. ఒక్కసారైనా ఈ గడప తొక్కలేదు. నా చేతి మంచినీళ్లు కూడా తాగలేదు. నాకు ఆవిడ చీర పెట్టనక్కర్లేదు, బొట్టు పెట్టనక్కర్లేదు. నా వంటింట్లో కూర్చుని ఒక పూట కడుపునిండా తినాలి. అంతే. దానికోసం ఎన్ని రొట్టెలైనా నేర్చుకుంటాను.

అక్టోబర్ 23

ఇంకా పదిహేడు రోజులు.

అక్టోబర్ 26, ఆదివారం

వేడినీళ్లు పోసి పిండి కలపడం వచ్చింది. తట్టడం రాలేదు. శీను తడితే టప్ టప్ టప్, ముద్ద తనంతట తనే తిరుగుతూ పెద్దదవుతుంది. నేను తడితే తడి గోనెసంచిని గోడకేసి కొట్టినట్టు. అంచులన్నీ పగుళ్లు. వెనక కూర్చుని నా చేతుల మీద చేతులు వేసి చూపించాడు. ఆ ఒక్క రొట్టె గుండ్రంగా వచ్చింది. మా ఇద్దరిదీ.

"ఇట్లనే వెనకాల కూర్చుంటాలే మా అమ్మొచ్చినప్పుడు" అన్నాడు. వీపు మీద పిండి చేత్తో ఒకటి వేశాను. ఐదు వేళ్లూ పడ్డాయి తెల్లగా.

చిరిగినవన్నీ బెల్లం, నెయ్యి వేసి మలిదముద్దలు చేసుకున్నాం. నేర్చుకోకపోవడంలోనూ లాభం ఉంది.

నవంబర్ 1

మళ్లీ మలిదముద్దలే.

నవంబర్ 5, పౌర్ణమి

ఒకటి చిరగకుండా పెనం దాకా పోయింది. పెనం మీద చిరిగింది.

నవంబర్ 7, శుక్రవారం

ఇక నా వల్ల కాదు. ఏడ్చాను కూడా. శీను ఉపాయం — ఆదివారం పొద్దున్నే తాను ఎనిమిది రొట్టెలు తట్టి గుడ్డలో చుట్టి పెడతాడు. అత్త దిగే వేళకు నేను చేతులకు పిండి పూసుకుని పొయ్యి ముందు కూర్చోవాలి. "నువ్వు అలిసిపోయినట్టు ముఖం పెట్టు, చాలు."

తప్పని తెలుసు. సరే అన్నాను.

నవంబర్ 8, శనివారం

ఎంత పని చేశాను!

ఇల్లంతా కడిగాను. చెంబులు తోమగా చింతపండు మిగిలింది. రొట్టెలు తట్టే బండ కూడా తళతళలాడాలని దాంతోనే రుద్దాను. ఆ బండ శీను తన చేత్తో చేసింది — మిల్లులో అంచు విరిగి పక్కన పడేసిన ముక్కను కోసి, నీళ్ల మీద నున్నగా పాలిష్ పట్టి, పెళ్లైన కొత్తలో మోసుకొచ్చాడు. కడిగి ఆరబెట్టి చూస్తే తెల్లగా మచ్చలు, చెయ్యి పెడితే గరగర.

సాయంత్రం వచ్చి చూశాడు. వేలితో తడిమాడు. "నాపరాయే ఇది! పులుపు తగిలితే పాలిష్ సచ్చిపోతాది. బేతంచెర్లలో కాపురముంటా ఇంత గూడ తెలీదా?"

తెలీదు అన్నాను. నిజంగానే తెలీదు. అన్నం తినేటప్పుడు పెరుగు నా పళ్లెంలోకే ఎక్కువ వంచాడు. అంటే కోపం పోయినట్టు.

నవంబర్ 9, ఆదివారం

వరసగా రాస్తాను, లేకపోతే నాకే నమ్మకం కుదరదు.

పొద్దున మాకని సంగటి ఎక్కించాను. నంజుకోవడానికి ఊరిబిండి నూరాను. శీను తలుపు మూసి రొట్టెలకు కూర్చున్నాడు. ఆ గరుకు బండ మీద ఎంత పొడిపిండి చల్లినా అంటుకుంటోంది. తిప్పబోతే చిరుగుతోంది. ఆయన చేతిలోనే! ఒకటి, రెండు, ఐదు... పళ్లెం బోర్లించి దాని మీద తట్టాడు, అది జారుతోంది. చెమటలు కారుతున్నాయి. "నీ చింతపండు..." అంటున్నాడు, తిట్టు పూర్తి చేయడం లేదు. నేను పక్కన నిలబడి, మోచేతుల దాకా పిండి పూసుకుని, అలిసిపోయిన ముఖం పెట్టి.

తలుపు తోసుకుని అత్త.

ఎవరో పల్లెవాళ్ల జీపు దొరికిందట, డోన్‌లో బండి కోసం ఆగలేదట. రెండు గంటలు ముందే.

చూసింది. కింద చిరిగిన రొట్టెల మధ్య కొడుకు. పక్కన వేషం వేసుకున్న నేను.

"ఈదిలోకి వినపడింది" అంది. "ఆ చప్పుడు నాకు తెలీదా శీనా? నేను నేర్పిందే గదా."

నాకు నేల చీలితే బాగుండు అనిపించింది. "నాకు రాదత్తా. నేర్చుకున్నా, రాలేదు. మీరు తిని పోవాలని..."

అత్త చెంబు అడిగింది. కాళ్లు కడుక్కుంది. పీట నేను వెయ్యకముందే నేల మీద కూర్చుంది. కూర్చుని ముక్కు ఎగబీల్చి, "ఆ గిన్నెలో ఏముండాది?" అంది.

"సంగటి."

"పెట్టు."

చేతులు కడుక్కుని, తడి చేత్తో ముద్ద చేసి పెట్టాను. మధ్యలో గుంట చేసి నెయ్యి. ఊరిబిండి. తింటోంది... మెల్లగా, ఒక పక్కనే తిప్పుకుంటూ. శీను అప్పుడు చూశాడు. "మా, పండ్లేమాయ?"

"దవడ పండ్లు పోయి ఏడాదాయ. రొట్టె పప్పులో నానేసుకుని మింగుతాండా. మీ నాయనకు రొట్టె లేనిదే జరగదు, నాకొక్కదానికి యేరే వండుకుంటానా?"

"ఫోన్లో ఒక్కసారన్నా చెప్పలేదే."

"పండ్ల సంగతి ఫోన్లో ఏం చెప్తారురా."

శీను పిండి చేతులతోనే లేచి పెరట్లోకి పోయాడు. కాసేపు రాలేదు. అత్త నా వైపు చూసి, "ఇంగొక ముద్ద పెట్టుమ్మా" అంది.

రెండు ముద్దలు! రెండు!

నవంబర్ 10, సోమవారం

పొద్దున బండికి మహానంది పోయింది. రొట్టె మాట ఎత్తలేదు. రాత్రి నా బొంత కప్పుకుని పడుకుంది, మా అమ్మ పాత చీరలతో కుట్టినది. కుట్లు వేలితో లెక్కపెట్టుకుంటూ నిద్రపోయింది.

కాసింబీ అక్కకు కూడా నిజం చెప్పేశాను. "యా అల్లా, శీనా?" అని పడీపడీ నవ్వింది. మిల్లులో తెలిసిపోవడానికి ఎన్నాళ్లో పట్టదు.

నవంబర్ 18, మంగళవారం

మధ్యాహ్నం ఫోన్. నా ఫోన్‌కు. అత్త.

సంగటి ఉండలు కడుతోందట. పిండి ఎప్పుడు పొయ్యాల, ఎన్ని నీళ్లు, ఎప్పుడు తిప్పాల. పిండి కుప్పగా పోసి ఊరకే వదిలెయ్యాలి, ఉడికేదాకా కెలకొద్దు అని చెప్పాను. విని, "నాతో కాదులే. నువ్వే వచ్చి చేసి చూపిస్తావా?" అంది.

"అక్కడికా?"

"ఈడికే. ఆదివారం."

"మామ...?"

"ఉంటాడు. ఉండనీ."

సంతోషంతో చేతిలో గరిటె ఉందని మరిచిపోయి అలాగే నిలబడ్డాను. తర్వాత అడిగాను, మేమిద్దరం ఏ బండికి రావాలని.

"వాడొద్దులేమ్మా. వాడు కనపడితే మీ మామ ఇంట్లో నిలబడడు. ముందర నువ్వొక్కదానివే రా."

నవంబర్ 19, బుధవారం

చెప్పాను. ఉల్లిగడ్డ కోస్తున్నాడు.

"నన్ను రమ్మన్లేదా?"

"లేదు."

ఉల్లిగడ్డ ఇంకా సన్నగా కోశాడు. అంత సన్నగా ఎవరూ కోయరు.

నేను కోరుకున్నదే ఇది. ఆ ఇంట్లోకి పిలుపు. కానీ పుట్టి పెరిగిన ఇల్లు ఆయనది, పోవాల్సింది నేనా? మిల్లులో మళ్లీ పాలిష్ పట్టి తెచ్చిన బండ మీద రొట్టెలు తట్టాడు. ఈ రోజు చప్పుడే బాగాలేదు.

నవంబర్ 20, గురువారం

మిల్లుకు పోయే ముందు చెప్పులేసుకుంటూ, నా ముఖం చూడకుండా —

"మా ఊర్లో మంచి రాగిపిండి దొరకదు. ఈణ్నించే పట్టించుకోని పో. మా నాయన నెయ్యి శానా తింటాడు, తక్కువ పోయాకు."

పోతానని నేనింకా అననే లేదు.