గంట మోగితే తలుపు తీశాను

మా ఆవిడకి నేను రాయునది.

ముందు పాత మాట. ఇరవై ఏళ్ల కిందట రేడియోలో తీగలు అతికిస్తూ నేను చేసిన సోల్డరింగ్ చూసి, మీ తమ్ముడి ముందు "ఇది సోల్డరింగా, పిట్ట రెట్టా?" అన్నావు. సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలో పనిచేసినదానివి, అనొచ్చులే అనుకున్నావు. ఏది మర్చిపోయినా అది మర్చిపోను.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ మీ అక్క విరిగిన కాలు అతుక్కుంటోందని రాశావు, సంతోషం. నువ్వడిగిన కుళాయి కారడం ఆగింది. మందులు వేసుకుంటున్నాను. ఈ వయసులో ఎలక్ట్రానిక్స్ ఏమిటన్నావు. సరదాకని పోయినసారి రాశాను. సామాను కొన్న ఎలక్ట్రానిక్స్ కొట్టువాడికీ అదే చెప్పాను.

వాడు ప్రోగ్రాం ఎక్కిస్తే చెప్పినట్టు నడిచే మైక్రోకంట్రోలర్ బోర్డులు రెండు ముందు పెట్టాడు. నీలంది పెద్దది, ఐదు వోల్టులది, మొరటు చేతులకి తట్టుకుంటుంది. రెండోది బొటనవేలంత, మూడు చిల్లర వోల్టులది, వైఫై ఉంది.

"చిన్నది తీసుకోండి పెద్దాయనా, ఎంత దూరాన ఉన్న ఫోనుకైనా కబురు పంపుతుంది."

"నా ఇంటి సంగతి ఊరందరికీ చెప్పేది నాకెందుకు? నీలంది ఇవ్వు."

ప్రోగ్రాం వాడే ఎక్కించాడు. గ్యాసు పసిగట్టే సెన్సారు, బజరు నేనే తగిలించాను. రెట్టలా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. సరదా కాదు. నువ్వెళ్లాక రెండుసార్లు స్టవ్ తిప్పి, వెలిగించడం మరిచి, అవతలికి పోయాను. అందుకే కొన్నాను.

మొన్న పొద్దున అది మోగింది. వెళ్లి వీధి తలుపు తీశాను. ఎవరూ లేరు. మూసి వచ్చి కూర్చున్నాను. ఇంకా మోగుతోంది. మళ్లీ తీశాను. ఎదురింటి టైలరు పరుగున వచ్చి, నన్ను తోసుకుని వంటింట్లోకి పోయి, స్టవ్ కట్టేసి కిటికీలు తెరిచాడు.

"అంత మోత మోగుతుంటే వినబడలేదా మావయ్యా?"

"వినబడింది. తలుపు తీశానుగా."

వాడు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేశాను. గంట మోగితే ఏ అంతస్తులో మనిషి ఇరుక్కున్నాడో మెట్ల మీదే చెప్పేవాణ్ణి. నా చేత్తో కట్టిన గంట ఎందుకు మోగుతోందో నాకు తెలియలేదు. అప్పట్నుంచి స్టవ్ ముట్టలేదు, రొట్టె, అరటిపళ్లు తింటున్నాను. ఆ బజరు వంక చూడడం లేదు. భయమేస్తోందే. ఫోనులో చెబుదామని నీ నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను.

చిన్న బోర్డయితే నాకు తెలియకపోయినా నీకు తెలుస్తుంది. కానీ సెన్సారు పంపే ఐదు వోల్టులు అది తట్టుకోదట, మధ్యలో వోల్టులు తగ్గించే రెసిస్టర్లు రెండు వేయాలట. వాటి మీది రంగుల పట్టీలు చూసి విలువ చెప్పే లెక్క నువ్వే నేర్పావు. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

శనివారం దాటితే కొట్టువాడు బోర్డు మార్చడు. శుక్రవారానికల్లా నీ జవాబు అందాలి. రంగులు రాసి పంపుతావా, నువ్వే వచ్చి వేస్తావా? వస్తే, మీ తమ్ముడి ముందు పిట్ట రెట్ట అన్నా ఏమీ అనను.

ఇట్లు,
నీ ఇంటాయన