వంతెనకి మూడు నంబర్లు

తిరువూరు,
జూలై 4

నువ్వు చేసింది నమ్మకద్రోహం అక్కా. పారిస్‌లో చదువుకుంటూ, మోనే అంతటి చిత్రకారుడి తోటకి వెళ్లి, పొద్దంతా తిరిగి, కలువల కొలను మీది వంతెన ఏ రంగంటే ‘భలే ఆకుపచ్చరా’ అని రాస్తావా? పెయింట్ల షాపు షేడ్ కార్డు నీ పెట్టెలో ఎందుకు పెట్టాను? వంతెనకి ఆనించి, సరిపోయిన రంగు నంబరు రాస్తావనే కదా. ఫొటోలు పంపకు. నా ఫోను టమాటాని కూడా వంకాయ రంగులో చూపిస్తుంది.

ఆదిశేషయ్య గారు తన కొత్త ఫంక్షన్ హాలు ముందుగోడ మీద ఆ కొలను వేయమన్నారు. రంగు కుదరకపోతే ఫ్లెక్స్ కొట్టించి తగిలిస్తారట. ఎవరి దగ్గరా నేర్చుకోకుండా తొమ్మిదేళ్లుగా ఊళ్లో బోర్డులు రాస్తున్నవాణ్ణి. నా గోడ మీద ఫ్లెక్స్ వేలాడితే కుంచె వదిలేస్తాను. మళ్లీ వెళ్లు.

ప్రేమ్ కిరణ్

తా.క. రైల్లో తిన్న బన్ను గురించి పదకొండు లైన్లు రాశావు. వంతెనకి రెండు మాటలు.

*

పారిస్,
జూలై 22

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

క్లాసు ఎగ్గొట్టి మళ్లీ వెళ్లాను. కలువలు విచ్చుకున్నాయి. వంగిన కొమ్మలూ మబ్బులూ నీళ్లలో కలిసిపోయి, ఏది పైనో ఏది కిందో తెలియలేదు. కాసేపు నీ పని మర్చిపోయాను, ఏమనుకోకు.

పదింటికి కార్డు పెడితే 214. అనుమానం వచ్చి మధ్యాహ్నం చూస్తే 187. నాలుగింటికి 231. మూడూ నిజమేరా. మోనే గారు ఈ కొలనునే ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వేశారట.

నీ అక్క,
పుష్పలత

తా.క. చేతిలో కార్డు చూసి, నేను తోటలో ఉద్యోగిననుకుని ఒకాయన బాత్రూమ్ ఎటని అడిగాడు. చూపించాను. తర్వాత ఇంకో నలుగురొచ్చారు.

*

తిరువూరు,
ఆగస్టు 9

ఒక్క వంతెనకి మూడు నంబర్లు పంపి నన్ను నవ్వులపాలు చేశావు. 214 వేస్తే మధ్యాహ్నానికి వెలిసినట్టుంది. దాని మీద 187 వేస్తే సాయంత్రానికి బురద. ఆదిశేషయ్య గారు చూసి, “మీ అక్క అక్కడ చదువుకుంటందా, కళ్లకి వైద్యం చేయించుకుంటందా?” అనడిగారు. వెనకాలే ఫ్లెక్స్ షాపు జోజిబాబు టేపు పెట్టి గోడ కొలుస్తున్నాడు. అసలు నంబరేదో తేల్చి వెంటనే రాయి.

ప్రేమ్ కిరణ్

తా.క. మోనే గారు ఒకే కొలను అన్నిసార్లు ఎందుకు వేశారో అర్థమైంది. ఆయనకీ ఎవరో అక్క ఉండుంటుంది.

*

తిరువూరు,
ఆగస్టు 30

జోజిబాబు నా గోడని దొంగిలించాడక్కా.

నీ జవాబు కోసం ఆగలేక, గోడ ఎదుట కుర్చీ వేసుకుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చూశాను. మారేది పెయింటు కాదు, వెలుతురు. మూడు రంగులూ కలపకుండా చుక్క పక్కన చుక్క పెడుతూ వంతెన మళ్లీ వేశాను. పొద్దున ఒక పచ్చ పైకొస్తుంది, సాయంత్రం ఇంకొకటి. ఆదిశేషయ్య గారు రోజుకి మూడుసార్లు వచ్చి కూర్చుంటున్నారు. “మళ్లీ ఎప్పుడు మార్చావయ్యా?” అంటారు. నేను కుంచె కడుక్కుంటూ కూర్చుంటాను. ఫ్లెక్స్ మాట ఆయన మర్చిపోయారు.

జోజిబాబు మర్చిపోలేదు. నా గోడని ఫొటో తీసి, ఫ్లెక్స్ కొట్టి, విస్సన్నపేటలో ఏదో షాపుకి తగిలించాడు. కొట్లాడదామని వెళ్లి సాయంత్రం దాకా కాపు కాశాను. పొద్దుటా సాయంత్రం ఒకటే పచ్చ. జాలేసి, తిరుగు బస్సెక్కాను.

నేర్చుకున్నదేదీ అడ్డం రానీకుండా నీళ్ల ముందు కూర్చుని అదంతా కళ్లతో పట్టుకున్న ఆ మోనే గారికి దణ్ణం పెట్టాలక్కా.

ప్రేమ్ కిరణ్

తా.క. హాలు వెనకగోడ కూడా నాకే ఇచ్చారు. దాని మీద ఒక్క నీళ్లే వేస్తాను. నవంబరు ఒకటి దాటితే తోట మూసేస్తారట. ఆలోగా వెళ్లి, గేటు వేసే వేళకి నీళ్లు ఎలా ఉంటాయో రాయి. నవంబరు పదిహేనుకల్లా ఉత్తరం నా చేతిలో ఉండాలి. లేకపోతే నేనే వచ్చి చూసుకుంటాను. పాస్‌పోర్టుకి అప్లై చేశాను.