దగ్గరుండే మనిషి పేరు

ఆగస్టు 17, 2025, ఆదివారం

ఈ వారం కూడా ఆరాధనకు వెళ్లలేదు. టీ పెట్టుకుని టీవీలో ఫుటీ మ్యాచ్ చూశాను. తప్పు చేస్తున్నానన్న బాధ ఏమైనా ఉందా అని వెతుక్కున్నాను. పెద్దగా లేదు.

పియారా వాటర్స్‌లో మా తెలుగు ఫెలోషిప్ అంటే పదకొండు కుటుంబాలు. ఫిబ్రవరిలో రెండుగా చీలిపోయింది. కారణం గిన్నె. రత్నరాజు గారు గుంటూరు లూథరన్. ప్రభువు బల్లలో ద్రాక్షరసం అందరూ ఒకే పాత్రలోంచి తీసుకోవాలంటారు. బెన్‌హర్ కావలి బాప్టిస్టు. కొవిడ్ తర్వాత ఎవరి చిన్న కప్పు వాళ్లకు ఉండాలంటాడు. ఇద్దరూ బైబిల్ తెరిచి వాక్యం చూపించారు. ఇప్పుడు ఆయన కూడిక కమ్యూనిటీ హాల్లో, ఇతని కూడిక ఇతని గ్యారేజ్‌లో. మాటల్లేవు.

నన్ను ఇద్దరూ పిలిచారు. బెన్‌హర్ దగ్గరికి వెళ్తున్నానని రత్నరాజు గారికి చెప్పాను. రత్నరాజు గారి దగ్గరికి వెళ్తున్నానని బెన్‌హర్‌కు చెప్పాను. ఒకరినొకరు అడిగి తెలుసుకునే పరిస్థితి లేదు కదా. ఆరు నెలలుగా ఆదివారాలు నావి.

ఆగస్టు 19, మంగళవారం

హాస్పిటల్ నుంచి ఉత్తరం. సెప్టెంబర్ 4న హెర్నియా ఆపరేషన్. ఎనిమిది నెలలు ఎదురుచూసిన డేట్. పొద్దున చేసి సాయంత్రానికి ఇంటికి పంపేస్తారట. బస్సు నడిపే నన్ను డిపోలో కాగితాల ముందు కూర్చోబెట్టారు. మేనేజర్ ఓపిక అయిపోవచ్చింది.

ఉత్తరంతో పాటు ఒక ఫారం. ఇంటికి తీసుకెళ్లి ఇరవై నాలుగు గంటలు దగ్గరుండే మనిషి పేరు, ఫోన్ నంబరు రాయాలి. అది లేకపోతే ఆపరేషన్ క్యాన్సిల్. మళ్లీ లిస్టులో అడుక్కి.

మా ఆవిడ దీనమ్మ ఉంటే ఈ ఫారం చదివేవాడినే కాదు. తనే నింపేసేది.

ఆగస్టు 20

జెన్సీ సిడ్నీ నుంచి ఫోన్ చేసింది. బిడ్డకు ఐదు వారాలు. గిరావీన్‌లో వాళ్ల ఫ్లాట్‌లో హీటర్ పాడైందట. నేను రావాలా డాడీ అంది. బాలింతవి, నువ్వు కదలొద్దు అన్నాను. మరి ఎవరు చూస్తారంది. ఇక్కడ మనవాళ్లు బోలెడుమంది అన్నాను. నమ్మింది.

ఆగస్టు 22, మధ్యాహ్నం 3

హాస్పిటల్ అమ్మాయి ఫోన్ చేసి పేరు అడిగింది. ట్యాక్సీలో వెళ్లిపోతానన్నాను. ట్యాక్సీ డ్రైవర్ లెక్కలోకి రాడంది. పక్కింటాయన ఉన్నాడు కానీ మైన్స్‌లో పని, అప్పటికి ఉత్తరాన గనుల దగ్గరే ఉంటాడు. డిపోలో వాళ్లతో పరాచికాలు ఆడగలను గానీ, వచ్చి నా ఇంట్లో పడుకోండి, నన్ను బాత్రూమ్‌కు లేపండి అని ఏ మొహంతో అడగను? బుధవారంకల్లా చెప్తానన్నాను.

ఆగస్టు 24, ఆదివారం

జెన్సీ ఊరుకోలేదు. ఆపరేషన్ సంగతి రెండు వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టింది. రెండు చోట్లా ప్రార్థన అంశాల్లో నా పేరు చేరింది.

పొద్దున రత్నరాజు గారు ఫోన్ చేశారు. బెన్‌హర్ వాళ్లు దగ్గరుండి చూసుకుంటున్నారుగా, సంతోషమయ్యా, మేం మధ్యలో దూరితే బాగోదు అన్నారు. సాయంత్రం బెన్‌హర్ చేశాడు. రత్నరాజు అంకుల్ వాళ్లు ఉన్నారుగా అంకుల్, మేం వస్తే ఇష్యూ అవుద్దేమో, ప్రేయర్ మాత్రం చేస్తన్నాం అన్నాడు. ఇద్దరికీ థాంక్స్ చెప్పాను.

బాగా అయింది నాకు.

ఆగస్టు 27

హాస్పిటల్ వాళ్ల ఫోన్ ఎత్తలేదు.

ఆగస్టు 29, శుక్రవారం

దీనమ్మ పోయినప్పుడు రత్నరాజు గారు ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో నాలుగు రోజులు కూర్చున్నారు. సమాధి తోట కాగితాలన్నీ బెన్‌హర్ చూసుకున్నాడు. నా సంతకాలు కావాల్సిన చోటల్లా పెన్సిల్‌తో ఇంటూలు పెట్టి ఇచ్చాడు. మరియరాణి అక్క, రత్నరాజు గారి భార్య, నెల రోజులు క్యారేజీ పంపింది. గిన్నె ఒకటా పదకొండా అని అప్పుడెవరూ అడగలేదు.

వాళ్లు లేకపోతే నాకు హాయిగా ఉన్నట్టు ఈ డైరీలోనే రాసుకున్నాను. అబద్ధం. ప్రసంగాలు లేకపోయినా బతకగలను. ఏమయ్యా మొహం అలా ఉంది అని అడిగేవాళ్లు లేకపోతే కష్టంగా ఉంది.

ఆగస్టు 31, ఆదివారం

రెండు గంటలకు హాలుకు వెళ్లాను. అందరూ తిరిగి చూశారు. సాక్ష్యాల సమయం వచ్చింది. ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పి కూర్చుంటారు. నేను లేచాను. ప్రభువుకు స్తోత్రం అని మొదలుపెట్టి, చేసిన మేలు తట్టక, ఆడిన అబద్ధం చెప్పాను. ఫుటీ సంగతితో సహా. ఫారం సంగతి కూడా.

స్తోత్రం అని ఎవరూ అనలేదు. మరియరాణి అక్క మాత్రం, ఆర్నెల్లూ నువ్వు అక్కడ నలుగురి మధ్య ఉన్నావులే అని నిశ్చింతగా పడుకున్నాను తమ్ముడూ, ఒంటరిగా ఉన్నానని చెప్పడానికి నీకు నోరు రాలేదా అంది. కోపంగానే అంది. రత్నరాజు గారు ఫారం ఏదని అడిగి, తన పేరు రాసిచ్చారు.

పని అయిపోయింది. ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ అబద్ధం రెండు చోట్ల ఆడాను. ఐదింటికి బెన్‌హర్ గ్యారేజ్‌కు వెళ్లి అదే సాక్ష్యం మళ్లీ చెప్పాను. బెన్‌హర్ కీబోర్డు ఆపేసి ఫారం అడిగాడు. పేరు ఆల్రెడీ ఉంది బాబూ అన్నాను. చూశాడు. ఉన్నది ఒక్క గీతే. దాని కింద మార్జిన్‌లో తన పేరు రాశాడు.

సెప్టెంబర్ 2

హాస్పిటల్ నుంచి ఫోన్. ఫారం అందిందట, నా డేట్ ఉందట. రెండు పేర్లున్నాయి, ఎవరు వస్తారంది. ఇద్దరినీ అడిగాను. ఆయన వస్తే రానీ, నేను మాత్రం వస్తాను అన్నారు. ఇద్దరిదీ అదే మాట.

సెప్టెంబర్ 5, శుక్రవారం

ఆపరేషన్ బాగా జరిగింది. ఇద్దరూ నిన్నటి నుంచి ఇక్కడే ఉన్నారు. ఇద్దరూ నాతోనే మాట్లాడుతున్నారు.

మధ్యాహ్నం జావ ముందు పెట్టుకుని, ప్రార్థన ఎవరు చేస్తారని ఇద్దరూ ఆగారు. మీరు చేయండి అంకుల్ అన్నాడు బెన్‌హర్. రత్నరాజు గారు కుటుంబాలన్నిటినీ పేరుపేరునా చెప్పడం మొదలుపెట్టారు. అటువాళ్లనీ ఇటువాళ్లనీ. పది దగ్గర ఆగిపోయారు. పదకొండోది గుర్తు రావడం లేదు. బెన్‌హర్ కళ్లు తెరవకుండానే అందించాడు.

నా పేరు.