మిద్దె మీద పరిచిన చీర

బుధవారం, రాత్రి

మార్కెట్లో టమాటా ధర పడిపోయిందని పొద్దున్నే విని మిద్దె మీద పాత చీర పరిచాను. చవకగా ఉన్నప్పుడే కొని, కోసి, ఉప్పు చల్లి ఎండబెట్టుకుంటే ధర పెరిగినప్పుడు దిగులుండదు. ఆయన చిన్న జీతంతో ఇల్లు హాయిగా గడుస్తున్నది ఇలాంటి జాగ్రత్తలతోనే.

మధ్యాహ్నం నిమ్మనపల్లె నుంచి అన్న వచ్చాడు, భుజాన టమాటా బాక్సుతో. మార్కెట్లో వాళ్లడిగిన ధరకు బండి బాడుగ కూడా రాదట.

"పారబోసేదానికి మనసు రాలేదమ్మా. ఎండబెట్టుకో. మిద్దె మీద పెడతాను," అంటూ నేను ఆపేలోపే మెట్లెక్కాడు.

చీర చూసి బాక్సు దాని పక్కనే దించాడు.

"అప్పుడే పరిచిపెట్టుండావే," అన్నాడు.

ధర ఎప్పుడు పడుతుందా అని నేను ఎదురుచూసేది అన్న పంటకే కదా...

అన్న కోప్పడలేదు. గాలికి లేస్తున్న కొంగు మీద ఇటుక పెట్టాడు. "అన్నం పెట్టమ్మా, ఆకలిగా ఉండాది," అన్నాడు.

రాత్రి రసంలో టమాటా వేయడానికి చెయ్యి రాలేదు. చింతపండు పిసికాను. బాక్సు ఇంకా మిద్దె మీదే ఉంది. రేపు కోయకపోతే కుళ్లిపోతాయి.